బిడ్డల ఊహను గౌరవించిన గురువు: పాల్ టోరెన్స్

ఈ శతవార్షిక సంచికలో మన బడులను స్థాపించిన పెద్దలను గూర్చి పలువురు వ్రాయుచున్నారు. వారిని స్మరించుట మన విధి. అయితే బడి కట్టుట ఒక పని, ఆ బడిలో కూర్చున్న బిడ్డ మనసు నెరుగుట మరియొక పని. ఈ రెండవ పనికి తన జీవితమును ధారపోసిన ఒక అమెరికా దేశపు ఉపాధ్యాయుని మన సంఘస్థులకు పరిచయము చేయవలెనని మేము తలంచితిమి. ఆయన పేరు ఎల్లిస్ పాల్ టోరెన్స్.

టోరెన్స్ గారు 1915 అక్టోబరు 8న జార్జియా రాష్ట్రములో, మిల్లెడ్జ్‌విల్ ప్రాంతమున, ఒక వ్యవసాయ కుటుంబములో జన్మించారు. 1940లో, ఆనాడు బాప్టిస్టు సంఘముల పోషణలోనుండిన మెర్సర్ విశ్వవిద్యాలయమునుండి పట్టము పొందారు. యౌవనములో మిల్లెడ్జ్‌విల్‌లోని జార్జియా మిలిటరీ కాలేజీలో పాఠములు చెప్పారు. ఇంట్లో చెప్పినమాట వినరని, అల్లరివారని పేరుబడిన బాలురు కొందరు అక్కడికి వచ్చేవారు. వారిని దగ్గరగా చూచిన టోరెన్స్ గారికి ఒక సంగతి బోధపడినది. ఆ అల్లరి వెనుక చాలమందిలో చురుకైన ఊహ ఉన్నది. దానికి దారి చూపించువారు లేక అది అల్లరిగా బయటపడుచున్నది.

1951లో మిచిగాన్ విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొందిన తరువాత ఆయన 1957 వరకు అమెరికా వాయుసేనకు పరిశోధన చేశారు. శత్రుదేశములోనో, మంచుకొండలలోనో, ఎడారిలోనో చిక్కుపడిన సైనికుడు ప్రాణముతో బయటపడుటకు ఏమి కావలెనన్నది ఆ పరిశోధన. శిక్షణ కావలెను, నిజమే. కాని శిక్షణలో చెప్పని పరిస్థితి ఎదురైనప్పుడు, నేర్చినదానిని క్రొత్త విధముగా కూర్చుకొనగలవాడే బ్రదుకునని ఆయన తెలిసికొన్నారు. సృజనశక్తి కవులకు, చిత్రకారులకు మాత్రమే చెందిన అలంకారము కాదు, మనిషి బ్రదుకుటకు కావలసిన శక్తి అని ఆయనకు స్థిరపడినది.

1958లో ఆయన మిన్నెసోటా విశ్వవిద్యాలయమునకు వచ్చి బడిపిల్లలను పరిశీలించసాగారు. అప్పటికి ప్రచారములోనున్న తెలివితేటల పరీక్షలు ఒక ప్రశ్నకు ఒకే సరియైన జవాబును కోరేవి. 1950లో గిల్ఫర్డ్ అను మనస్తత్వ శాస్త్రవేత్త ఈ లోపమును ఎత్తిచూపియుండిరి. టోరెన్స్ గారు అనేక జవాబులు గల ప్రశ్నలు వేశారు. ఖాళీ డబ్బాను ఎన్ని విధములుగా వాడవచ్చును? ఈ సగము గీతను నీవు ఏ బొమ్మగా పూర్తిచేయుదువు? ఎన్ని జవాబులు వచ్చినవి, అవి ఎన్ని రకములవి, ఇతరులకు తట్టనిది ఏది, దానిని బిడ్డ ఎంత వివరముగా తీర్చెను అని లెక్కించేవారు. 1966లో ప్రచురింపబడిన ఈ పరీక్ష తరువాతి కాలమున అనేక భాషలలోనికి వెళ్లినది.

ఈ పరిశీలనలో ఒక విచారకరమైన విషయము బయటపడినది. నాలుగవ తరగతికి, అనగా తొమ్మిది పది సంవత్సరముల ప్రాయమునకు వచ్చుసరికి, అనేకమంది బిడ్డలలో ఊహాశక్తి తగ్గిపోవుచున్నది. భారతదేశముతో సహా పలుచోట్ల పిల్లలను పరిశీలించగా ఈ తగ్గుదల అన్నిచోట్ల ఒకే విధముగా లేదు. కావున ఇది వయస్సు చేయు పని మాత్రమే కాదు, పెద్దలు, బడి, సమాజము చేయు పని కూడ.

1966లో ఆయన స్వరాష్ట్రమునకు తిరిగివచ్చి జార్జియా విశ్వవిద్యాలయములో చేరారు. తెల్లవారి బడులు, నల్లవారి బడులు వేరుగా నడిచిన రాష్ట్రమది. నల్లజాతి పిల్లలకు తెలివి తక్కువని తెలివితేటల పరీక్షల లెక్కలు చూపి వాదించువారుండిరి. తన పరీక్షలలో అట్టి జాతిభేదము కనబడలేదని 1971లో టోరెన్స్ గారు ప్రకటించారు. పేద పిల్లలలో లోపములను వెదకుట మాని, వారిలోనున్న శక్తులను వెదకుడని ఉపాధ్యాయులను కోరారు. తమ తాతలను బడిగడప త్రొక్కనీయని రోజులను గూర్చి విని పెరిగిన మన సంఘస్థులకు ఈ మాట విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

1974లో ఆయనయు, ఆయన భార్య పాన్సీ గారును విద్యార్థులకొరకు భవిష్యత్ సమస్యా పరిష్కార కార్యక్రమమును ప్రారంభించారు. ఆస్బర్న్, పార్న్స్ అనువారు పెద్దలకొరకు రూపొందించిన పద్ధతి దీనికి ఆధారము. పిల్లలు నలుగురేసి కూర్చుండి, రాబోవు కాలపు కష్టమొకటి తీసికొని, దానిలో అసలు సమస్య ఏదో తేల్చి, అనేక ఉపాయములు చెప్పి, వాటిని తూచి, ఒకదానిని అమలుపరచు విధము వ్రాయుదురు. ఉపాయములు చెప్పునప్పుడు ఎవరిని ఎవరును ఎగతాళి చేయరాదు. తూచుట తరువాతి పని.

కాగితముమీది పరీక్షతో ఒక బిడ్డ భవిష్యత్తును కొలువగలమా అని కొందరు పండితులు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో నిజము లేకపోలేదు. ఎక్కువ మార్కులు వచ్చినంత మాత్రమున ఘనకార్యములు జరుగవని టోరెన్స్ గారే అన్నారు. 1958లో పరిశీలించిన పిల్లలను ఇరువదిరెండు సంవత్సరముల తరువాత, 1980లో, తిరిగి పలుకరించినప్పుడు ఆయన గమనించిన సంగతులలో ఒకటి మనము మరువరానిది. తన్ను నమ్మి ప్రక్కన నిలిచిన పెద్ద ఒకరు దొరికినవారు ఎక్కువగా సాధించియుండిరి.

ఇది చదివినప్పుడు మాకు మా తప్పు ఒకటి జ్ఞాపకము వచ్చినది. కొన్ని సంవత్సరముల క్రిందట ఆదివారపు బడిలో నోవహు ఓడను గూర్చి చెప్పుచుండగా ఒక పిల్లవాడు లేచి, "అయ్యగారూ, చేపలను కూడ ఓడ ఎక్కించారా?" అని అడిగెను. పిల్లలందరు నవ్విరి. మేము "కూర్చోరా, పాఠము విను" అని గద్దించితిమి. ఆ బిడ్డ మరల ప్రశ్న అడిగినట్లు మాకు జ్ఞాపకము లేదు. వాని ప్రాయము అప్పుడు తొమ్మిదో పదో ఉండును.

పాన్సీ గారు 1988లోను, టోరెన్స్ గారు 2003 జూలై 12నను మరణించారు. జార్జియా విశ్వవిద్యాలయములో ఆయన పేర ఒక కేంద్రము 1984లో నెలకొల్పబడినది. ఆయనను గౌరవించుటకు మనకు కేంద్రమక్కరలేదు. రాబోవు ఆదివారము ఒక బిడ్డ లేచి మనమెదురుచూడని ప్రశ్న అడిగినయెడల, నవ్వువారిని ఆపి, ఆ బిడ్డను పూర్తిగా అడుగనిత్తము.