పిట్టల దొర నుంచి తీన్మార్ దాకా

అధికారంతో మాట్లాడే గొంతు ఎక్కడ ఉంటే, దానిని అనుకరించి నవ్వించే గొంతు కూడ అక్కడ పుట్టడం లోకసహజం. సంస్కృత నాటకంలో రాజుగారి ప్రక్కన విదూషకుడున్నాడు. మన బుర్రకథలో కథకునికి ఒక ప్రక్క రాజకీయం చెప్పే వంతగాడు, రెండవ ప్రక్క హాస్యం చెప్పే వంతగాడు నిలుస్తారు. ఈ కాలంలో ఇంటింటా వినిపించే పెద్ద గొంతు టెలివిజన్‌ది. ఆ గొంతును పరిహసించే హాస్యం తెలుగునాట ఏ దారిని వచ్చినదో, దానివలన మనకు ఏమి లభించినదో విచారించడం ఈ ప్రసంగ విషయం.

ఈ విచారణకు సిద్దిపేట ప్రాంతం తగిన ఆరంభస్థానం. 2016లో ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో చేర్యాల ఉన్నది. అక్కడి నకాశీ చిత్రకారులు పొడవైన గుడ్డమీద గడులు గడులుగా కులపురాణాలను చిత్రిస్తూ వచ్చారు. కథ చెప్పేవారు ఆ పటాన్ని విప్పి, ఒక్కొక్క బొమ్మను చూపుతూ, పాటతో మాటతో కథ నడిపేవారు. కనుక బొమ్మ, మాట, పాట కలిసి వచ్చే తెర మన పల్లెలకు టెలివిజన్‌తోనే తెలియవచ్చిన వింత కాదు. ఆ పటం ముందు జనం భక్తితో కూర్చునేవారు.

జనాన్ని నవ్వించడానికి వచ్చేవాడు వేరు. అతడు పగటివేషగాడు, పిట్టల దొర. తుపాకి రాముడనీ, లత్కోరు సాబు అనీ కూడ అతనికి పేర్లున్నవి. తలమీద దొరటోపీ, ఒంటిమీద ఖాకీ దుస్తులు, భుజాన కట్టె తుపాకి. లేని జాగీర్లను లెక్కపెడతాడు, జరగని యుద్ధాలను గెలుస్తాడు. ఒక మాటలో కట్టిన కోటను మరుమాటలో తానే కూలుస్తాడు. గడీలలో దొరల మాటకు ఎదురులేని రోజులలో, వెట్టిచాకిరి పల్లెలను నలిపివేస్తున్న రోజులలో, ఈ వేషం వట్టి వినోదం కాదు. దొరను పేరుపెట్టి నిందించే ధైర్యం లేనివారు దొరతనాన్ని చూసి నవ్వగలిగారు. ఆ నవ్వుకు శిక్ష విధించడం ఎవరి తరమూ కాలేదు.

తరువాత పెద్ద గొంతు యంత్రంలోకి ప్రవేశించినది. హైదరాబాదు సంస్థానంలో 1935లో దక్కన్ రేడియో వెలసినది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణి అయినది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైనది. 1995 నుంచి ఈటీవీ, జెమిని వంటి ప్రైవేటు ఛానెళ్లు ఇండ్లలోకి వచ్చినవి. రేడియో వార్తలు చదివేవారు తమ పేరు చెప్పుకొనే తీరును అనుకరించని కొంటెకుర్రవాడు ఆ రోజులలో ఉండడు. అయితే ఆ అనుకరణ అరుగుల మీదనే మిగిలిపోయినది. ప్రసారంలో దానికి చోటు లేదు. వార్త అంటే గంభీరంగా, పుస్తకాల భాషలో చదవవలసినదని అందరమూ నమ్మినాము. ప్రసారంలో పనిచేసేవారం ఆ నమ్మకాన్ని మరింత గట్టిగా పట్టుకున్నాము.

ఈ గాంభీర్యానికి ఒక మూల్యం ఉన్నది. చదువుకున్నవారి భాషగా స్థిరపడినది ప్రధానంగా కృష్ణా, గోదావరి తీరాల పలుకుబడి. తెలంగాణ పలుకుబడికి సినిమాలలో చాలాకాలం దక్కినవి ప్రతినాయకుని అనుచరుల పాత్రలు, హాస్యపాత్రలు. సిద్దిపేట రైతు తన ఇంట మాట్లాడే మాటను తెరమీద విన్నాడంటే, అది ఎవరో నవ్వడానికే అయి ఉండేది. ప్రత్యేక రాష్ట్రోద్యమంలో నీళ్లు, నిధులు, నియామకాలతోపాటు భాషకు గౌరవం అనే కోరిక బలంగా వినవచ్చినదంటే కారణం ఇదే. 2009 నవంబరు 29న కె. చంద్రశేఖరరావు నిరాహారదీక్షకై కరీంనగరం నుంచి బయలుదేరి దారిలోనే అరెస్టు అయినారు. ఆ దీక్షకు నిర్ణయించిన స్థలం సిద్దిపేట వద్ద రంగధాంపల్లి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం అవతరించినది.

ఈ రెండు ఘట్టాల నడుమ, 2012లో, హైదరాబాదులో వీ6 వార్తాఛానెల్ వచ్చినది. దానిలో ప్రసారమైన కార్యక్రమం ‘తీన్మార్ వార్తలు’. పెండ్లి ఊరేగింపులలో యువకులు చిందులు వేసే డప్పు దరువు పేరే తీన్మార్. వార్తకు ఆ పేరు పెట్టడమే మొదటి పరిహాసం. వార్తలు చదివే బల్ల వద్ద కోటు, టై ధరించిన వ్యక్తికి బదులు పల్లెవాసులు కూర్చున్నారు. సావిత్రిగా శివజ్యోతి, బిత్తిరి సత్తిగా చేవెళ్ల రవి జనానికి ఇంటిమనుషులైనారు. బిత్తిరి అంటే బెదురుచూపుల అమాయకుడు. నాయకుల పెద్దమాటలను సత్తి తన వెర్రిబాగుల ప్రశ్నలతో నేలమీదకు దించుతాడు. ఇంతకుముందు పల్లెమాటను చూసి తెర నవ్వినది. ఇప్పుడు పల్లెమాట తెర గాంభీర్యాన్ని చూసి నవ్వినది. 2019లో ఈ నటుడు కథానాయకుడుగా వచ్చిన చలనచిత్రం పేరు ‘తుపాకి రాముడు’ కావడం గమనించదగినది. పిట్టల దొర వంశవృక్షంలో సత్తికి చోటున్నదని ఆ పేరే చెబుతున్నది.

ఇటువంటి హాస్యం మన దేశానికే పరిమితం కాదు. ఐర్లండు దేశంలో ప్రభుత్వరంగ ప్రసారసంస్థ ఆర్.టి.ఇ. 1961 డిసెంబరు 31న టెలివిజన్ ప్రారంభించినది. ఆ సంస్థ రెండవ ఛానెల్‌లో 2009 నుంచి 2017 దాకా ‘రిపబ్లిక్ ఆఫ్ టెలీ’ అనే కార్యక్రమం నడిచినది. టెలివిజన్ కార్యక్రమాలను పరిహసించడమే దాని పని. ఆ పరిహాసానికి ఇతరుల కార్యక్రమాలే గాక, తన సొంత సంస్థ కార్యక్రమాలు కూడ గురి అయినవి. హిందీలో జస్‌పాల్ భట్టీ 1989లో ‘ఫ్లాప్ షో’ను దూరదర్శన్‌లోనే ప్రదర్శించి, టెలివిజన్ తీరుతెన్నులను కూడ నవ్వులపాలు చేశారు.

ఈ ఉదాహరణలు మనముందు రెండు ప్రశ్నలను ఉంచుతున్నవి. మొదటిది, తనను పోషించే ఇంటిని చూసి హాస్యం నవ్వగలదా? పిట్టల దొర ఏ దొర వాకిట నిలిచి గింజలు అడుగుతాడో, ఆ దొరతనాన్నే ఎగతాళి చేశాడు. మన ఛానెళ్ల హాస్యం నాయకులను, లోకాన్ని ఎంతైనా వెక్కిరిస్తుంది. తన ఛానెల్ అరుపులను, తన చర్చావేదికల రభసను వెక్కిరించడం అరుదు.

రెండవది ఇంతకంటె ముఖ్యమైనది. తెలంగాణ పలుకుబడి వార్తలలోకి హాస్యమనే వాకిలి నుంచి వచ్చినది. వచ్చినందుకు సంతోషమే. కాని వరదవార్త, ధరలవార్త, శాసనసభ వార్త నేటికీ ప్రధానంగా పాత పుస్తకభాషలోనే వినవస్తున్నవి. నవ్వించడానికి మాత్రమే పిలిచిన భాషను గౌరవించినట్లు ఎట్లా అవుతుంది? నవ్వినంతసేపు కూర్చోబెట్టి, గంభీరమైన విషయం రాగానే లేచిపొమ్మంటే, అది పాత అవమానానికే కొత్త రూపం కాదా?

సత్తి వంటివారు తలుపు తెరిచారు. ఆ తలుపున కరువును గురించి, చావుబ్రతుకులను గురించి కూడ అదే పలుకుబడిలో, అపహాస్యమనే శంక లేకుండా చదివే రోజు రావలె. ఆ రోజును తీసుకొనిరావలసిన బాధ్యత హాస్యగాండ్రది కాదు. గంభీరమైన వార్తలు చదివే మావంటివారిది.