నాలుగు రోజుల అంగడి

2015 ఏప్రిల్ 23న తెరిచిన అంగడి 27కల్లా మూతపడింది. వారం కూడా నిండని ఆయుష్షు. పోయినప్పుడు ఏడ్చినవాళ్లు కనిపించలేదు సరికదా, పండగ చేసుకున్నవాళ్లే ఎక్కువ. అయినా తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది. పోయింది దుకాణం ఒక్కటే అయితే ఇంత చెప్పుకోవలసిన పని లేదు.

ఎల్డర్ స్క్రోల్స్ కంప్యూటర్ ఆటలు ఆడినవాళ్లకు సంగతి తెలుసు. 2002లో ఆ వరుసలోని మోరోవిండ్ విడుదల చేసినప్పుడు బెతెస్డా కంపెనీ, ఆటతో పాటు దాన్ని మార్చుకునే పనిముట్లనూ ఆటగాళ్ల చేతికిచ్చింది. ఇక చూడాలి! కొత్త ఊళ్లు, కొత్త కత్తులు, కొత్త వానలు, కంపెనీ సరిచేయకుండా వదిలేసిన తప్పులకు మరమ్మతులు. ఇలాంటి మార్పులే మాడ్లు, చేసేవాళ్లు మాడర్లు. 2011 నవంబర్ 11న అదే వరుసలో స్కైరిమ్ వచ్చాక ఈ మాడర్ల లోకం మరింత పెరిగింది. పగలు చదువో ఉద్యోగమో చూసుకుని, రాత్రి కూర్చుని మంచుగాలికి పాత్ర ఎలా వణకాలో రాసుకునేవాళ్లు. ఒకరు చేసిన కదలికలను ఇంకొకరు వాడుకునేవాళ్లు. స్కైయూఐ అనే మెనూ మాడ్ పక్కన లేకపోతే సెట్టింగులే తెరుచుకోని మాడ్లు ఎన్నో. అడిగితే ఇచ్చేవాళ్లు, పేరు వేస్తే చాలనేవాళ్లు. ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్న లెక్క ఎవరి దగ్గరా లేదు.

అలాంటివాళ్లకు కూలి ముట్టాలనడంలో తప్పేముంది? నాకైతే ఏమీ కనిపించదు. ఆట ఏళ్ల తరబడి అమ్ముడుపోవడానికి వాళ్ల చెమట కూడా కారణం. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీకి ఇది ఇంకా బాగా తెలుసు. దాని హాఫ్-లైఫ్ ఆట మీద 1999లో మిన్ లే, జెస్ క్లిఫ్ కట్టిన మాడే కౌంటర్-స్ట్రైక్. మరుసటి ఏడే వాల్వ్ దాన్ని కొనుక్కుంది. వాల్వ్ వారి డోటా 2కు మూలమూ వార్‌క్రాఫ్ట్ 3 మీద పుట్టిన మాడే. తన టీమ్ ఫోర్ట్రెస్ 2 ఆటకు టోపీలూ ఆయుధాలూ చేసిచ్చినవాళ్లకు 2010 నుంచే వాటా ఇస్తోంది. కాబట్టి మాడ్లు పంచుకునే స్టీమ్ వర్క్‌షాప్‌లో స్కైరిమ్ మాడ్లకు ధర పెట్టుకోవచ్చని 2015 ఏప్రిల్ 23న ప్రకటించి ఆ అంగడి తెరవడం వెనక దురుద్దేశం ఉందని నేననుకోను.

కానీ పంపకం చూడండి. నూటికి ముప్పై వాల్వ్‌కి, నలభై ఐదు బెతెస్డాకి, చేసినవాడికి పాతిక. ఆ పాతికైనా వంద డాలర్లు పోగయ్యేదాకా చేతికి రాదు. అంటే నాలుగువందల డాలర్ల సరుకు అమ్ముడుపోవాలి. కొన్నవాడికి 24 గంటల్లోపైతే డబ్బు వాపసు. ఆ తర్వాత ఆ మాడ్ ఇంకో మాడ్‌తో పడక ఆట ఆగిపోతే, చేసినవాణ్నే మర్యాదగా అడగండన్నారు.

అసలు దెబ్బ లోపలినుంచి తగిలింది. కొద్దిమంది మాడర్లను ముందే పిలిచి, బయటికి పొక్కనీయొద్దని ఒప్పందం రాయించుకుని, తొలి సరుకు సిద్ధం చేయించారు. అందులో ఒకటి చేపలు పట్టే మాడ్. ఆ మాడ్‌లో పాత్ర కదలికలకు ఆధారం ఇంకో మాడర్ ఉచితంగా పంచిన పనిముట్టు. విడిగా ఉచితంగా దొరికేదాన్ని వాడుకుంటే ఫరవాలేదని వాల్వ్ వైపు నుంచి మాట వచ్చిందని చేపల మాడ్ చేసినతను తర్వాత రాశాడు. చట్టం లెక్కన అది సరే కావచ్చు. కానీ నోటికి తాళం వేశాక తోటివాణ్ని పిలిచి ‘నీది వాడుకోనా’ అని అడగడమెలా? అంగడి తెరవగానే అభ్యంతరం వచ్చింది. చేపల మాడ్ చేసినతను దాన్ని అమ్మకం నుంచి తీసేశాడు. పూర్తిగా చెరిపేయమంటే, కొన్నవాళ్లకు అందకుండా చేయలేమని వాల్వ్ కాదంది. నిన్నటిదాకా అతన్ని మెచ్చుకున్న నోళ్లే దొంగ అన్నాయి.

ఊరంతా నీళ్లు తోడుకునే చెరువు తూముకు రాత్రికి రాత్రి ధర బిళ్ల బిగించినట్టయింది. లక్షకు పైగా సంతకాలతో అర్జీ లేచింది. ఏప్రిల్ 25న వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ స్వయంగా ఆటగాళ్ల ముందుకొచ్చి జవాబులిచ్చాడు. అప్పటిదాకా వచ్చిన రాబడి పదివేల డాలర్లేనని, ఈమెయిళ్లకు జవాబు రాయించే ఖర్చు ముందు అది ఒక్క శాతమేనని చెప్పాడు. ఇష్టమైతే విరాళమిస్తాం, ధర మాత్రం వద్దని అరిచారు జనం. అరిచినవాళ్లలో అంతకుముందు ఎందరు జేబులో చెయ్యి పెట్టారో నాకు అనుమానమే. ఆ కోపమంతా తగిలింది ఎవరికి? డెబ్బై ఐదు శాతం తీసుకునే రెండు కంపెనీలకు కొంత, పాతిక కోసం పేరు బయటపెట్టుకున్న మాడర్లకు చాలా.

27న వాల్వ్ తలవంచింది. తామేం చేస్తున్నామో తమకే సరిగా అర్థం కాలేదని ఒప్పుకుని, కొన్నవాళ్లకు పూర్తి డబ్బు వెనక్కిచ్చింది. కంపెనీల ఖాతా అక్కడితో తీరింది. మాడర్ల మధ్య ఖాతా తీరలేదు. ఎవరు ఎవరి పనిని అమ్ముకుంటారో అన్న అనుమానం అంతకుముందు అడగాల్సిన ప్రశ్నే కాదు. ఆ నాలుగు రోజుల తర్వాత దాన్ని అడగకుండా ఉండడం కుదరలేదు.

2017లో బెతెస్డా క్రియేషన్ క్లబ్ పేరుతో మళ్లీ అమ్మకం మొదలుపెట్టింది. ఈసారి తాను ఎంచుకున్నవాళ్లతోనే. పాత మాడ్లు తెస్తే కుదరదన్నారు, సరుకు కొత్తదే కావాలన్నారు. పదేళ్ల వేడుకగా 2021 నవంబర్ 11న స్కైరిమ్‌లో చేపల వేట అధికారికంగా చేరింది. అప్పటికే ఆట స్పెషల్ ఎడిషన్ ఉన్నవాళ్లకు దాన్ని కంపెనీయే ఉచితంగా ఇచ్చింది.