తుపాకీ పట్టిన రాజ్యంలో కుంచె పట్టినవాడు: ఖాన్ బహదూర్ సయ్యద్ అహ్మద్

పాతబస్తీలో పురానీ హవేలీ చూశారా? ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఉన్న చోటు. ఆయన బట్టలు పెట్టుకున్న ఆ పొడవాటి బీరువాల హాలు చూసి, ఒక రీల్ తీసుకుని చాలామంది వచ్చేస్తారు. నేను మాత్రం ఈరోజు ఆయన వేట దగ్గర మొదలుపెడతాను.

పులుల వేటలో మహబూబ్ పాషాకి పెద్ద పేరు. వైస్రాయ్ లాంటివాళ్లు వచ్చినా అడవికి తీసుకెళ్లడం అప్పటి మర్యాద. 1902లో లార్డ్ కర్జన్ మన వరంగల్ వైపు నెక్కొండలో వేటాడి, చచ్చిన పులి దగ్గర భార్యతో కలిసి దిగిన ఫొటో ఇప్పటికీ నెట్‌లో తిరుగుతూ ఉంటుంది. వెతకండి, దొరుకుతుంది.

అదే పాషా ఏలుబడిలో హైదరాబాద్ రాజ్యం పంపిన ఒక చిత్రకారుడు, తుపాకీ లేకుండా జంతువుల దగ్గరికి వెళ్లాడు. ఆయన పేరు సయ్యద్ అహ్మద్. వెళ్లింది అడవికి కాదు, అజంతా గుహలకి.

అజంతా ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది. కానీ 1956 దాకా ఔరంగాబాద్ ప్రాంతం హైదరాబాద్ కిందే. అంటే ఆ గుహలు అప్పట్లో మన రాజ్యంలోవే. బయటి ప్రపంచానికి వాటి సంగతి తెలిసింది కూడా వేట వల్లనే. 1819 ఏప్రిల్‌లో పులి కోసం వచ్చిన జాన్ స్మిత్ అనే బ్రిటిష్ అధికారి కంట ఆ గుహలు పడ్డాయి. ఆయన ఏం చేశాడో తెలుసా? 10వ గుహలో ఒక స్తంభం మీద, పాత బొమ్మ మీదనే, తన పేరూ తారీఖూ గీకేశాడు.

ఆ 10వ గుహ గోడ మీద ఏ కథ ఉందో వినండి. ఆరు దంతాల ఏనుగు కథ, ఛద్దంత జాతకం. ఏనుగుల రాజు మీద అలిగిన భార్య మరుజన్మలో రాణిగా పుట్టి, పాత పగతో వేటగాడిని పంపిస్తుంది. బాణం తగిలినా ఆ ఏనుగు వాడిని చంపదు. దంతాలు కోయడం వాడి వల్ల కాకపోతే తనే సాయం చేస్తుంది. ఆ దంతాలు చూసిన రాణి గుండె పగిలి చనిపోతుంది. వేటగాడు సిగ్గుపడాల్సిన కథ ఉన్న గుహలో ఒక వేటగాడు తన పేరు గీకి పోయాడన్నమాట! ఇది తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, బాధా వేస్తుంది.

అజంతా నిండా జంతువులే. 1వ గుహలో తామరల మధ్య ఏనుగు, ఒకదాన్ని ఒకటి ఢీకొట్టే ఎద్దులు. 17వ గుహలో కోతులు, హంసలు, గుడ్డి తల్లిని సాకే ఏనుగు. వీటిని గీసినవాళ్లు బంకమట్టిలో ఊక లాంటివి కలిపి గోడకి మెత్తి, పైన సున్నం పూసి, ఎర్రమట్టి, పచ్చమట్టి లాంటి రంగులు వాడారు. జంతువుని బాగా చూసినవాడు తప్ప అలా గీయలేడు.

ఇక్కడ కెమెరా రోజుల్లో ఉన్న మనకి ఒక డౌట్ వస్తుంది. నకలు తీయడం ఏం గొప్ప? సరే, లెక్క చూడండి. రాబర్ట్ గిల్ 1844 నుంచి ఏళ్ల తరబడి నకళ్లు గీశాడు. 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో చాలావరకు పోయాయి. తర్వాత బొంబాయి ఆర్ట్ స్కూల్ టీచర్ జాన్ గ్రిఫిత్స్ తన స్టూడెంట్లతో 1872 నుంచి 1885 దాకా గీయించాడు. వాటిలోనూ చాలా 1885లో లండన్‌లోనే కాలిపోయాయి. జపాన్ చిత్రకారుడు అరాయ్ కాంపో గీసినవి 1923 భూకంపంలో పోయాయి.

గ్రిఫిత్స్ తర్వాత, కాంపో కంటే ముందు, 1909-11 మధ్య రెండు చలికాలాలు క్రిస్టియానా హెరింగ్‌హామ్ అనే ఇంగ్లిష్ చిత్రకారిణి వచ్చింది. కలకత్తా నుంచి నందలాల్ బోస్, అసిత్ హల్దార్ లాంటి కుర్రాళ్లు వచ్చారు. హైదరాబాద్ తరఫున ఇద్దరు: సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజలుద్దీన్. గుహ లోపల సరైన వెలుతురు ఉండదు. సగం రాలిపోయిన గోడ ముందు కూర్చుని, ఉన్న గీతని మాత్రమే గీయాలి. లేనిదాన్ని సొంతంగా కలపకూడదు. ఆ బొమ్మలతో 1915లో లండన్‌లో పుస్తకం వచ్చింది.

మిగతావాళ్లు పని అయ్యాక వెళ్లిపోయారు. సయ్యద్ అహ్మద్‌కి అజంతాయే జీవితం అయింది. 1914లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో నిజాం పురావస్తు శాఖ మొదలైంది. సయ్యద్ అహ్మద్ ఆ గుహలకి క్యూరేటర్ అయ్యారు. ఆయన, మహమ్మద్ జలాలుద్దీన్ గీసిన నకళ్లు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియానికి చేరాయి. అక్కడి అజంతా గ్యాలరీ అదే.

నాకు అసలు గొప్పగా అనిపించేది దీని తర్వాతి సంగతి. హైదరాబాద్ ఆర్ట్ స్కూల్లో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఒకరు కొండపల్లి శేషగిరిరావు. 1924లో వరంగల్ జిల్లా పెనుగొండలో పుట్టిన పిల్లవాడు. మెహదీ నవాజ్ జంగ్ సాయంతో శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోస్ దగ్గర చదివాడు. చూడండి, ఆ చలికాలాల్లో అజంతాలో పనిచేసిన ఇద్దరూ ఈ ఒక్క కుర్రాడికి గురువులయ్యారు. ఆయన తిరిగొచ్చి హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో టీచర్ అయ్యారు. తెలుగుతల్లి బొమ్మ వేసింది ఆయనే. ఆ కాలేజీలో చదివిన లక్ష్మా గౌడ్ బొమ్మల్లో మన పల్లె మేకలు ఎంత ధీమాగా నిలబడతాయో మీరు చూసే ఉంటారు.

కాగితం కాలిపోవచ్చు, గోడ రాలిపోవచ్చు. ఒక టీచర్ పిల్లవాడికి చూడటం నేర్పితే, అది ఇంకో పిల్లవాడికి అందుతుంది. కర్జన్ పులి ఫొటోలో మిగిలింది దొర దర్జా ఒక్కటే. సయ్యద్ అహ్మద్ పేరు మనలో చాలామందికి తెలియదు, కానీ ఆయన నేర్పిన చూపు మన ఊళ్లోనే తిరుగుతోంది. అందుకే ఆ పేరు మీకు చెప్పాలనిపించింది.

పాతబస్తీ నుంచి మూసీ దాటితే నాంపల్లి ఎంత దూరం చెప్పండి? ఒకరోజు వెళ్లండి. ఫోన్ జేబులో పెట్టి, ఒక్క జంతువు బొమ్మ ముందు ఐదు నిమిషాలు నిలబడండి. వీలైతే పెన్సిల్‌తో గీయండి, వంకరగా వచ్చినా పర్లేదు. ఏ బొమ్మ నచ్చిందో నాకు రాయండి. మళ్లీ కలుద్దాం, ఖుదా హాఫిజ్.