గూఢచారి ప్రోగ్రాములు: పరీక్షా ఫలితములలో భేదమెందుకు?

2022 ఆగస్టు 25న సుప్రీంకోర్టులో ఒక సాంకేతిక సంఘపు నివేదికలోని ముఖ్యాంశములు వెల్లడియైనవి. పెగాసస్ అను గూఢచారి ప్రోగ్రాము తమ ఫోనులలో జొరబడినదేమోనని అనుమానించి కొందరు అప్పగించిన 29 ఫోనులను ఆ సంఘము పరీక్షించినది. 5 ఫోనులలో ఏదో ఒక హానికర ప్రోగ్రాము కనబడినది గాని, అది పెగాససేనని నిర్ధారణ కాలేదు. 2021 అక్టోబరు 27న ఈ సంఘమును నియమించిన ధర్మాసనమునకు అధ్యక్షులు, గుంటూరు చెంతనున్న నాగార్జున విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివిన ఎన్. వి. రమణ. 2021 జూలైలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ప్రయోగశాల పలుదేశముల 67 ఫోనులను పరీక్షించి, 23 ఫోనులలో పెగాసస్ చొరబడినదనియు, మరి 14 ఫోనులలో చొరబాటు యత్నము జరిగినదనియు ప్రకటించినది. రెండు పరీక్షలలోని ఫోనులు ఒకటే కావు. కనుక అంకెలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పరాదు. అయినను ఒక సందేహము సహజముగా కలుగును. ఒకే యంత్రమును పరీక్షించినను రెండు సాధనములు వేర్వేరు మాటలు చెప్పుట ఎట్లు సంభవము?

జవాబు కొంత మన పత్తిచేలలోనే దొరకును. శనగపచ్చ పురుగుకు పెట్టిన లింగాకర్షక బుట్టలో గులాబిరంగు పురుగు తాలూకు రెక్కపురుగు పడదు. దాని ఎర వేరు. బుట్ట ఖాళీగా ఉన్నదని ధీమాగా ఉన్న రైతుకు కాయ చీల్చి చూచిననాడు గాని సంగతి తెలియదు. మరియొక రైతు బుట్టను నమ్మక, విచ్చుకొనక ముడుచుకొనిపోయిన గుడ్డిపూలను లెక్కించును. అతడు పురుగును చూడలేదు, దాని పనిని చూచినాడు.

కంప్యూటరులో వేటాడు సాధనములును స్థూలముగా ఈ రెండు తెగలే. మొదటి తెగ, తెలిసిన ప్రోగ్రాముల గురుతులను పట్టికగా ఉంచుకొని ప్రతి ఫైలును దానితో సరిపోల్చును. ఏ సంస్థ పట్టిక ఆ సంస్థది. దానిని పొడిగించు రోజులును వేరు. రెండవ తెగ నడవడిని గమనించును: యజమానికి తెలియకుండ మీటల నొక్కుడును వ్రాసుకొనుచున్నదా? దూరపు యంత్రమునకు సమాచారము చేరవేయుచున్నదా? ఇది పట్టికకెక్కని కొత్తవానిని కూడ పట్టగలదు. అప్పుడప్పుడు నిర్దోషిని దొంగయనును. లెక్కలోను తేడా కలదు. ఒక సాధనము ఒక ప్రోగ్రామును ఒకటిగా లెక్కించగా, వేరొకటి దాని ప్రతి ఫైలును, ప్రకటనదారులు వదలిన ప్రతి కుకీని విడిగా లెక్కించును. దానితో మూడు మూడువందలగును!

అయితే చరిత్రను చూచినచో, చిక్కు సాధనములోకంటె నిర్వచనములో ఎక్కువగా ఉన్నదని నాకు తోచును. 2000లో అమెరికాలో స్టీవ్ గిబ్సన్ 'ఆప్టవుట్' అను తొలి స్పైవేర్ నివారణ సాధనమును వెలువరించినాడు. ఆ కాలముననే గేటర్ అను ఉచిత ప్రోగ్రాము లక్షల కంప్యూటరులలో చేరి, వాడుకరి చూచు పుటలను గమనించి ప్రకటనలు చూపుచుండెను. వాడుకరి షరతులకు 'సరే' అన్నాడు కదా, ఇది గూఢచర్యమెట్లగునని ఆ సంస్థ వాదన. ఆ షరతులను చదివినవారెందరో ఊహించుకొనవచ్చును! తన సరకును స్పైవేర్ అన్నందుకు 2003లో పీసీ పిట్‌స్టాప్ అను సంస్థపై అది దావా వేసినది. రాజీ కుదిరి, ఆ పుటలు తొలగింపబడినవి. గేటరు సంస్థయే తరువాత క్లారియా అని పేరు మార్చుకొన్నది. 2005లో మైక్రోసాఫ్ట్ సాధనము క్లారియా ప్రోగ్రాములను మొదట నిర్బంధించుమని సలహా ఇచ్చి, కొంతకాలమునకు ఉపేక్షించుమని మార్చినది. ప్రోగ్రాము అదే, సాధనమదే, మారినది తీర్పు మాత్రమే. ఆ ఏడాదియే యాంటీ స్పైవేర్ కోయలిషన్ ఉమ్మడి నిర్వచనమును ప్రకటించినను తగవులు ఆగలేదు. తన ప్రోగ్రామును అడ్డగించినందుకు జాంగో సంస్థ కాస్పర్‌స్కీపై వేసిన వ్యాజ్యములో, 2009లో అమెరికా అప్పీలు న్యాయస్థానము కాస్పర్‌స్కీ పక్షమున తీర్పు చెప్పినది.

నిర్వచనము కుదిరినను పరిపూర్ణ సాధనము రాదు. 1984లో ఫ్రెడ్ కోహెన్ వైరసుల విషయమున దీనిని తర్కముతో నిరూపించినాడు. ఏ ప్రోగ్రామునైనను తప్పక గుర్తించు సాధనమొకటి ఉన్నదనుకొందము. దానినే తనలో ఇముడ్చుకొని, అది 'దోషి' అన్నచో ఊరకుండి, 'నిర్దోషి' అన్నచో హాని చేయు ప్రోగ్రామును వ్రాయవచ్చును. అప్పుడు సాధనము ఏమి చెప్పినను తప్పే. ఈ తర్కము గూఢచారి ప్రోగ్రాములకును వర్తించును.

ఫోనులలో మరియొక చిక్కు కలదు. పెగాసస్ వంటివి ఫోను ఆపి తెరచినంతనే మాయమైపోవచ్చును. అప్పుడు పరీక్షకునికి మిగులునది చిట్టాలలోని ఆనవాలే. ఆమ్నెస్టీ పరీక్షించిన 67లో 15 ఆండ్రాయిడ్ ఫోనులు. వానిలో చొరబాటు సఫలమైన ఆనవాలు ఒక్కదానియందును దొరకలేదు. ఐఫోను భద్రపరచునట్టి చిట్టాలు ఆండ్రాయిడులో ఉండవు మరి. 23, 14 పోగా మిగిలిన 30 ఫోనులను ఆ ప్రయోగశాల శుభ్రమైనవని ప్రకటింపలేదు. 'తేలలేదు' అని వ్రాసినది.