ఆట స్టీరింగు, పని స్టీరింగు

స్టీరింగు తిప్పి ఆడే వీడియో గేమ్ 1974లో వచ్చింది. అమెరికాలో అటారీ తెచ్చిన ఆ ఆట పేరు గ్రాన్ ట్రాక్ 10. దానికి స్టీరింగు, గేరు, పెడళ్లు ఉండేవి. తెర మీద మాత్రం పైనుంచి చూసినట్టు చుక్కలతో గీసిన దారి, చిన్న కారు బొమ్మ. ఖర్చు లెక్క తప్పడంతో తయారీకి అయిన దానికన్నా తక్కువకే అమ్మి కంపెనీ మొదట్లో నష్టపోయింది. అసలు మలుపు జర్మనీలో వచ్చింది. రైనర్ ఫోయెర్స్ట్ అనే ఇంజనీరు 1970ల మధ్యలో, మైక్రోప్రాసెసర్ లేకుండా విడి సర్క్యూట్లతోనే న్యూర్‌బర్గ్‌రింగ్ అనే యంత్రం చేశాడు. అందులో దారి డ్రైవరు కంటికి కనిపించినట్టే ఎదురొస్తుంది. అటారీ 1976లో తెచ్చిన నైట్ డ్రైవర్‌కు ప్రేరణ అదే. ఫోయెర్స్ట్ తరవాత ఆటల కన్నా డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే సిమ్యులేటర్ల మీదే ఎక్కువ పనిచేశాడు. ఆట, శిక్షణ ఎంత దగ్గరివో చెప్పడానికి ఇదొక సాక్ష్యం.

తెలంగాణలోని సింగరేణి బొగ్గు గనుల్లో ఓపెన్‌కాస్టు, అంటే పైనుంచి నేల తెరిచి చేసే తవ్వకం మొదలైంది కూడా ఆ రోజుల్లోనే, 1975లో. ఈ రెండింటికీ అప్పటికి ఏ సంబంధమూ లేదు. సింగరేణి గనుల ఊరు గోదావరిఖనిలో అంతకుముందు గని అంటే ఇంక్లైనే, అంటే వాలుగా భూమి లోపలికి దిగే దారి. తట్టా చెమ్మస్, టబ్బులు, భూమి లోపల చీకటి. ఓపెన్‌కాస్టు వచ్చాక షావెల్, డంపర్ ప్రధాన యంత్రాలయ్యాయి, డంపర్ ఆపరేటర్ అనే కొత్త వృత్తి నిలబడింది. 35 టన్నుల డంపర్లతో మొదలై 60, 85, 100 టన్నుల దాకా బండ్లు పెరిగాయి. వీటి క్యాబిన్ ఎడమ పక్కన, మనిషి ఎత్తుకు చాలా పైన ఉంటుంది. కుడి పక్క, ముందు చక్రాల దగ్గర ఏముందో ఆపరేటర్‌కు కనపడదు. స్టీరింగు హైడ్రాలిక్ కాబట్టి దారిలోని కుదుపు చేతికి అందేది తక్కువ. బండి పరిస్థితి సీటు, చప్పుడు, అలవాటు చెప్పాలి. డంపర్లు తిరిగే హాల్ రోడ్డు వాలు మామూలుగా పదహారుకు ఒకటి మించకూడదని నిబంధన. వానకు తడిసిన ఆ వాలు మీద, ఓబీ (బొగ్గు మీద నుంచి తీసిన) మట్టి కుప్ప అంచుకు వెనక్కి పోయే చోట తప్పు చేసి నేర్చుకునే వీలు ఉండదు.

చేతికి దారిని తెలిపే ప్రయత్నం ఆటల వైపు నుంచే గట్టిగా సాగింది. 1989లో వచ్చిన హార్డ్ డ్రైవిన్ ఆర్కేడ్ యంత్రంలో స్టీరింగుకు మోటారు పెట్టారు. టైరు పట్టు జారితే చక్రం వదులవుతుంది, మలుపులో బిగుస్తుంది. క్లచ్ కూడా ఉంది. కారు కదలికల లెక్కకు వాహన శాస్త్ర నిపుణుడు డగ్ మిల్లికెన్ సాయం చేశాడు. ఇంటి కంప్యూటర్ల మీద కారు కదలికలను లెక్కగట్టే పని అంతకుముందే మొదలైంది. బ్రిటన్‌లో జెఫ్ క్రామండ్ 1984లో రెవ్స్ రాశాడు. అమెరికాలో డేవిడ్ కేమర్, ఒమర్ ఖుదారీల పాపిరస్ సంస్థ 1989లో ఇండియానాపొలిస్ 500 తెచ్చింది. అదే సంస్థ 1998లో విడుదల చేసిన గ్రాండ్ ప్రి లెజెండ్స్ 1967 నాటి రేసు కార్లను తీసుకుంది. కీబోర్డుతో ఆ కార్లను దారిలో నిలపడం దాదాపు అసాధ్యం. అమ్మకాల్లో అది పెద్ద విజయం కాకపోయినా, సిమ్యులేషన్ అంటే స్టీరింగు కొనాల్సిందేనన్న అభిప్రాయాన్ని స్థిరపరిచింది. కేమర్ 2004లో జాన్ హెన్రీతో కలిసి ఐరేసింగ్ స్థాపించాడు. 2008లో జనం ముందుకు వచ్చిన ఆ సిమ్యులేటర్ కోసం అసలు రేసు ట్రాకులను లేజర్‌తో కొలిచారు. ఇటలీ వారి కూనోస్ సిములాజియోని 2014లో అసెట్టో కోర్సా పూర్తి చేసింది.

స్టీరింగుల కథ అంత వేగంగా సాగలేదు. తొలి రోజుల్లో చక్రాన్ని వెనక్కి లాగేది రబ్బరు తాడో, స్ప్రింగో. తరవాత పళ్ల చక్రాల ద్వారా మోటారు బలం చేతికి వచ్చింది. 2006 నాటి లాజిటెక్ జి25 రెండున్నర చుట్లు, అంటే 900 డిగ్రీలు తిరిగేది. మరో సంస్థ థ్రస్ట్‌మాస్టర్ పళ్ల చక్రాల బదులు బెల్టు వైపు పోయింది. చివరికి మోటారు ఇరుసుకే చక్రం బిగించే డైరెక్ట్ డ్రైవ్ వచ్చింది. లాజిటెక్ జి29 చూపే బలం సుమారు 2 న్యూటన్ మీటర్లయితే, ఫ్యానటెక్ పోడియం డీడీ2 చూపేది 25. అజాగ్రత్తగా పడితే మణికట్టు బెణికే బలం అది.

గనులకూ సిమ్యులేటర్లు వచ్చాయి. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 1993లో మొదలైన ఇమ్మర్సివ్ టెక్నాలజీస్ ఈ రంగంలో పేరున్న సంస్థ. మన దేశంలో ముంబైకి చెందిన టెక్నోట్రోవ్ ఇలాంటివి తయారు చేస్తోంది. అసలు క్యాబిన్ నమూనా, చుట్టూ తెరలు, కింద కదిలే వేదిక ఉంటాయి. బ్రేకు ఫెయిల్, టైరు పేలడం, ఇంజనులో మంట, పొగమంచు లాంటివి కూర్చున్న చోటే చూపిస్తారు. రేసు ఆట వేగాన్ని మెచ్చుకుంటే, గని సిమ్యులేటర్ వాలులో వేగాన్ని అదుపు చేసే రిటార్డర్‌ను సరిగ్గా వాడినవాణ్ని, నెమ్మదిగా వెనక్కి వెళ్లినవాణ్ని మెచ్చుకుంటుంది.

రేసుల విషయానికొస్తే, తెలుగు నేల మీద పెద్ద అంతర్జాతీయ పందెం 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన విద్యుత్ కార్ల రేసు ఫార్ములా ఈ. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఊరి రోడ్ల మీద తాత్కాలికంగా కట్టే ట్రాకు కనుక ముందుగా తిరిగి చూసే అవకాశం లేదు. జట్లకు సిమ్యులేటరే సాధన స్థలం. మరుసటి ఏడాది పందెం రద్దయింది. ఖరీదైన చక్రాలు కొనలేని కుర్రకారుకు మిగిలింది సెల్‌ఫోను. ఇండోనేషియా బస్సు సిమ్యులేటర్ బస్సిడ్‌లో ఆర్టీసీ బస్సుల రంగులు వేసుకుని నడపడం తెలుగు రాష్ట్రాల్లో ఆదరణ పొందిన ఆట.

గనిలో మాత్రం ఏ తెర మీద ఎన్ని గంటలు సాధన చేసినా అది అర్హతకు సరిపోదు. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాల ప్రకారం శిక్షణ పొంది, గని మేనేజర్ రాతపూర్వకంగా అనుమతించిన ఆపరేటరే డంపర్ ఎక్కాలి.