సిద్ధుడు రాని రాత్రి

దిగు. బండి దిగి నడువు. నువ్వు పైన కూర్చుంటే హగరి ఇసుకలో చక్రం ఇంకా కూరుకుపోతుంది.

తెల్లవారకముందే విడపనకల్లులో బండి కట్టావు. నల్లరేగడి దారంతా దాటావు. రొట్టెల మూట కూడా విప్పలేదు. ఈ ఏరు దాటితే బళ్లారి. ఈ రాత్రి అక్కడ 'విషాద సారంగధర' నాటకం.

మీ ఊళ్లో చినుకు పడి ఎన్నాళ్లయిందో. అయినా హగరిని నమ్మకూడదు. ఎక్కడో మైసూరు సీమ కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండలోనే ఏరు వస్తుంది. ఎడమ ఎద్దు చెవులు నిక్కించింది. నీకూ వినిపిస్తోంది. అడుగున ఏదో దొర్లుతున్న మోత. తడిమట్టి వాసన. ఎగువన ఎర్రటి నురగ.

వెనక్కి తిప్పాలా? సగం దాటేశావు.

తోలు. భుజం చక్రానికి ఆనించు. నీళ్లు మడమకు. పిక్కకు. మోకాలికి. ఎద్దు తూలింది. పగ్గం వదలకు. లాగు. ఇంకొక్క అడుగు. గట్టు.

వెనక్కి చూస్తే నువ్వు నడిచిన ఇసుక లేదు.

చీకటి పడేసరికి బళ్లారిలో జనం మధ్య ఇరుక్కుని కూర్చున్నావు. పంచె ఇంకా తడిగానే ఉంది. కిరసనాయిలు దీపాల పొగకు కళ్లు మండుతున్నాయి. నీ చుట్టూ సగం మాటలు కన్నడంలో, సగం తెలుగులో. తెర వెనక హార్మోనియం శ్రుతి చూసుకుంటోంది.

నాటకం రాసినాయన మీ వైపువాడే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు. 1853లో ధర్మవరంలో పుట్టారు. పగలు ఈ ఊళ్లోనే వకీలు. కోర్టు వదిలాక నాటకం రాయడం, నేర్పడం, తానే వేషం కట్టడం. 1887లో 'చిత్రనళీయం' ఆడించారు. పద్యాల మధ్య పాటలు పెట్టారు, నాటకాన్ని అంకాలుగా, రంగాలుగా విడగొట్టారు. సరసవినోదిని సభ ఆయన పెట్టిందే. తెలుగువాళ్లు ఆయన్ని ఆంధ్ర నాటక పితామహుడు అంటారు. 1880లో తాడిపత్రిలో పుట్టిన ఆయన మేనల్లుడు రాఘవ, ఈ నటనను మరో తరంలో ఇంగ్లండు దాకా తీసుకుపోతాడు.

తెర లేచింది. కథ నీకు తెలుసు. రాజరాజు కొడుకు సారంగధరుడు. పావురం కోసం సవతితల్లి చిత్రాంగి మేడకు వెళ్తాడు. ఆమె కోరిక కాదంటాడు. ఆమె తప్పంతా అతనిదేనని రాజుకు చెబుతుంది. చిత్రాంగి వేషంలో ఉన్నది మగవాడని నీకు తెలుసు. అయినా ఆ కళ్లు నీవైపు తిరిగితే వెన్ను జలదరిస్తోంది.

రాజు నోరు తెరిచాడు. కాళ్లూ చేతులూ నరకమన్నాడు.

ఇక్కడ ఆగు. కలం నీ చేతికిస్తే ఏం రాస్తావు? పాత కథలో మీననాథుడనే సిద్ధుడు వచ్చి, తెగిన కాళ్లూ చేతులూ తిరిగి రప్పిస్తాడు. నాటకం ఏడుపుతో ముగియకూడదన్నది సంస్కృత నాటకాల కట్టుబాటు. జనమూ సంతోషంగా ఇళ్లకు పోతారు. సిద్ధుణ్ణి పిలుస్తావా?

ఆచార్యులు గారు పిలవలేదు. తెలుగులో మొదటి విషాదాంత నాటకం అలా పుట్టింది.

నీ గొంతులో ఏదో అడ్డుపడింది. చెల్లెలు గుర్తొచ్చింది. 1877. పొలాల్లో పగుళ్లు. బళ్లారి దాకా రైలుంది, బస్తాలు దిగుతూనే ఉన్నాయి. కొనే డబ్బు లేదు. కరువు పనిలో రాళ్లు మోసినవాడికి రోజుకు ఒక పౌను గింజలు చాలని పైవాళ్లు తేల్చారు. అర్ధసేరు. ఆ పిల్ల తట్ట ఎత్తలేకపోయింది. కూర్చుంది. మళ్లీ లేవలేదు. ఏ సిద్ధుడూ రాలేదు.

కరువును తలచుకునే ఆయన ఇలా రాశారని చెప్పను. కానీ ఆ మూడేళ్ల కరువు తిన్న నేల మీద, చచ్చిపోయినవాళ్లను లేపకుండా వదిలేసిన ఆ ముగింపు ధైర్యం నాకు చాలా పెద్దదనిపిస్తుంది. అప్పటిదాకా అందరి చావులకూ ఎవరో ఒక సర్దుబాటు మాట చెప్పారు. కర్మ అన్నారు, రాత అన్నారు. ఈ నాటకం ఏమీ సర్దలేదు.

పక్కనున్న ముసలాయన నీ మోచేయి లాగుతున్నాడు.

"మీననాథుడు ఎప్పుడొస్తాడప్పా?"

"రాడు పెద్దాయనా."

"రాడా? ఇంత దూరం వచ్చింది ఏడ్చేకా?"

తెర పడింది. జనం లేవడం లేదు. కొందరు కోపంగా గొణుగుతున్నారు. ముసలాయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి తీసి, ఎర్రబడ్డ కళ్లతో నిన్నే చూశాడు.

"మళ్లా ఎప్పుడు ఆడతారో కనుక్కోని రా. మా ఆడోళ్లను తోలుకొస్తా."