ఇషీ విల్లు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నేడు లక్షలాది మంది బాణములతో జింకలను వేటాడుచున్నారు. వారిలో పెక్కుమంది వాడునది కప్పీలు అమర్చిన యంత్రపు విల్లు. కొందరు మాత్రము దానిని తాకరు. గురిచూచు సాధనము ఏదియు లేని వట్టి కఱ్ఱవిల్లు పట్టి, నారిని వ్రేళ్ళతోనే లాగుదురు. వీరిని సంప్రదాయ విలుకాండ్రందురు. తమ విద్యకు పితామహుడుగా వీరు తలచువాడు సాక్స్టన్ పోప్ అను శస్త్రవైద్యుడు. ఆ వైద్యునికి గురువైనవాని అసలు పేరు మాత్రము ఎవరికిని తెలియదు. అందరు అతనిని ఇషీ అని పిలిచిరి. అది పేరు కాదు. యానా భాషలో ఆ మాటకు 'మనిషి' అని అర్థము.

ఉత్తర కాలిఫోర్నియాలో లాసెన్ పర్వతపు దిగువ కొండలలో మిల్ క్రీక్, డీర్ క్రీక్ అను ఏళ్ళు లోతైన లోయలగుండా పారును. యానా జాతిలో ఒక శాఖయైన యాహీలు అక్కడ నివసించెడివారు. జింక, కుందేలు, సాల్మను చేప, ఓక్ కాయల పిండి వారి ఆహారము. 1848 లో కాలిఫోర్నియాలో బంగారము బయటపడెను. గనుల వెంట మనుష్యులు, మనుష్యుల వెంట పశువుల మందలు వచ్చినవి. వేటమృగములు తరిగినవి. ఆకలికి యాహీలు పశువులను పట్టిరి. అందుకు ప్రతిగా వచ్చినవారు తుపాకులతో యాహీలనే వేటాడిరి. 1860 తరువాతి పదేండ్లలో జరిగిన సామూహిక హత్యలతో ఆ శాఖ దాదాపుగా నశించెను. మిగిలిన పిడికెడుమంది నలువది ఏండ్లపాటు అడుగుజాడ కనబడనీయక, పొగ పైకి లేవనీయక దాగి బ్రతికిరి. తుపాకి ప్రేలిన కొండలన్నిటికి తెలియును, విల్లు ధ్వనించదు. దాగియున్నవానికి అంతకన్న తగిన ఆయుధము లేదు.

1908 లో సర్వే పని మీద వచ్చినవారు వీరి చివరి మకామును కనుగొనిరి. నడవలేని ముసలితల్లి తప్ప తక్కినవారు పారిపోయిరి. వచ్చినవారు అక్కడి దుప్పట్లను, పనిముట్లను, విండ్లను, అమ్ములను వింతవస్తువులుగా పట్టుకొనిపోయిరి. అటుపిమ్మట ఇషీ ఒంటరివాడయ్యెను. 1911 ఆగస్టు 29 న, ఓరోవిల్ పట్టణము చేరువ కబేళా వద్ద, ఆకలితో కృశించిన సుమారు ఏబదేండ్ల మనిషి దొరకెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు మానవశాస్త్రజ్ఞుడు వాటర్మన్ యానా మాటల పట్టికతో వెళ్ళి ఒక్కొక్క మాట చదువుచుండగా, మంచపు కఱ్ఱను చూపి పలికిన 'సివిని' అను మాటతో అతని ముఖము వికసించెను. ఒక జాతి పైన్ చెట్టుకు అది పేరు. వాటర్మను, అతని సహచరుడు క్రోబరు కలిసి అతనిని సాన్ ఫ్రాన్సిస్కోలోని మ్యూజియమునకు తీసికొనివచ్చిరి. ఆ పొరుగుననే వైద్య కళాశాల. పోప్ అందులో ఉపాధ్యాయుడు. 1912 నుండి వీరిద్దరికి స్నేహము కుదిరెను. ఇషీ ఆయనను 'కువి', అనగా వైద్యుడు, అని పిలిచెడివాడు. ఆయన చేయు వైద్యము కన్న నాణెముతో చేసి చూపు గారడీయే ఆ పిలుపునకు ఎక్కువ కారణమై ఉండవచ్చును.

ఇషీ విల్లు చేయుచుండగా పోప్ ప్రక్కన కూర్చుండి ప్రతి పనిని వ్రాసికొనెను. 1918 లో వెలువడిన 'యాహీ ఆర్చరీ' అను గ్రంథము ఆ శ్రమఫలము. కొండ జూనిపర్ కఱ్ఱను సుమారు 42 అంగుళముల పొడవున తీసికొని, కొమ్ములు రెండు అంగుళముల వెడల్పున, అర అంగుళపు మందమున చదునుగా వచ్చునట్లు చెక్కెడివాడు. తరువాత జింక స్నాయువులను నోట నమలి మెత్తబరచి, సాల్మను చర్మమును ఉడికించి తీసిన జిగురుతో విల్లు వెలుపలి వైపున పొరలుగా అంటించెడివాడు. ఆరినకొలది స్నాయువు బిగిసికొని కఱ్ఱను వెనుకకు లాగును.

ఈ స్నాయువుతో పని యేమి? విల్లు వంచినప్పుడు లోపలి వైపు నొక్కుకొనును, వెలుపలి వైపు సాగును. కఱ్ఱ సాగుట వలన ఏర్పడు ఒత్తిడికి తాళలేక వెలుపలి నార ముందుగా చీలును. స్నాయువు కఱ్ఱకన్న చాల ఎక్కువ సాగి మరల యథాస్థితికి రాగలదు. కావుననే 42 అంగుళముల పొట్టి విల్లును 26 అంగుళముల వరకు లాగినను విరుగలేదు. పొదలలో ప్రాకుచు పోవు వేటగానికి పొట్టి విల్లు ఎంత సదుపాయమో చెప్పనక్కరలేదు.

విల్లును గూర్చి ఇషీకి కొన్ని నియమములుండెను. పని లేనప్పుడు నారి దింపి పరుండబెట్టవలెను. గోడకు నిలువుగా ఆనించినచో విల్లు పని చేయుచునే యుండి, చెమర్చి, బలహీనపడునని చెప్పెడివాడు. ఇది మూఢవిశ్వాసమని తోసివేయరాదు. ఎక్కుపెట్టి ఉంచిన కఱ్ఱ క్రమముగా ఆ వంపునకే అలవాటుపడి బిగి కోల్పోవును. తేమ తగిలిన స్నాయువు సడలును. భాష వేరు, అనుభవము నిజము.

నారిని అతడు బొటనవ్రేలితో లాగి, దాని గోటిపై మధ్యవ్రేలిని ఊతగా ఆనించెడివాడు. మంగోలియా విలుకాండ్ర పట్టుకు ఇది దగ్గర. ఏకలవ్యుని కథ ఎరిగినవారికి ఈ వ్రేలి విలువ వేరుగా చెప్పవలసినది లేదు. అయితే గురిపలక ముందు నిలిపినప్పుడు ఇషీ సామాన్యుడు. అరువది గజముల దూరమున అతని బాణములు తరచు తప్పిపోయెడివి. పది, ఇరువది గజములలో కదలు కుందేలు, పిట్ట మాత్రము తప్పవు.

దీనికి కారణము లెక్కలో ఉన్నది. విల్లును లాగుటకు కావలసిన బలము సుమారు 45 పౌనులు, అనగా 200 న్యూటనులు. నారి కదలిన దూరము రమారమి అర మీటరు. బలము సున్నతో మొదలై క్రమముగా పెరుగును గనుక సగము తీసికొనగా, నిలువ అగు శక్తి 50 జౌళ్ళు మాత్రమే. జింకను కొట్టు తుపాకిగుండు శక్తి 2,000 జౌళ్ళకు మించును. గుండు తాకిడితో పడగొట్టును. బాణము కోసి రక్తము పోనిచ్చి చంపును. గుండె, ఊపిరితిత్తుల చోటున తగులకున్న మృగము గాయముతో పోవును. కావున విలువేట విద్య అంతయు దగ్గరకు చేరుటలో ఉన్నది. ఇషీ వేటకు ముందు పొగాకు, చేప ముట్టెడివాడు కాడు. తెల్లవారుజామున ఏటిలో స్నానము చేసి, సువాసనగల ఆకులను ఒంటికి రుద్దుకొనెడివాడు. వ్రేళ్ళను పెదవులకానించి గాయపడిన కుందేలు కూతను తీసి మృగములను రప్పించెడివాడు. అతడు అగ్నిపర్వతపు గాజురాయితో చేయు ములికిని కూడ పోప్ పరీక్షించెను. జింకతోలు కప్పి, లోపల పశువు కాలేయము నింపిన పెట్టెపైకి కొట్టి చూడగా, రాతి ములికి ఉక్కు ములికి కన్న లోతుగా దిగెను.

ఇంత నేర్చిన పోప్ తన వేటకు మాత్రము ఇషీ విల్లును వాడలేదు. మిత్రుడు ఆర్ట్ యంగ్‌తో కలిసి యూ కఱ్ఱతో చేసిన పొడవైన ఆంగ్ల విల్లును పట్టెను. దాని కొమ్ములు మందమైనవి, లోపలి వైపు గుండ్రనివి. చదును విల్లు ఆటవికుల మోటుపని అని ఆ కాలపు సామాన్యాభిప్రాయము. 1930 తరువాత క్లారెన్స్ హిక్మన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్నను గణితమునకు తెచ్చెను. ఒకే వంపునకు మందమెక్కువైనకొలది ఉపరితలముపై సాగుదల ఎక్కువ. గుండ్రని కొమ్ములో అంచున ఉన్న సన్నని భాగమే భారమంతయు మోయును. చదును కొమ్ములో వెడల్పంతయు సమముగా పంచుకొనును. అమెరికా విండ్లు అటుపై చదునైనవి. పోప్ దానిని చూడలేదు. ఆయన 1926 లో మరణించెను.

1923 లో వెలువడిన పోప్ వేట గ్రంథమును చదివి అనేకులు విల్లు పట్టిరి. 1878 లోనే మారిస్ థాంప్సన్ వ్రాసిన పుస్తకము అమెరికాలో విలువిద్యపై మోజు పుట్టించినది గాని, వేటగా అది నిలదొక్కుకొన్నది పోప్ తరువాతనే. 1934 లో విస్కాన్సిన్ రాష్ట్రము రెండు జిల్లాలలో బాణములకు మాత్రమే ప్రత్యేకముగా జింకవేట కాలమును నిర్ణయించెను. 1969 లో హోలిస్ అలెన్ కప్పీల విల్లుకు పేటెంటు పొందెను. పాత విల్లునకు 'సంప్రదాయ' అను విశేషణము అవసరమైనది ఆ తరువాతనే.

ఇషీ 1916 మార్చి 25 న క్షయతో మరణించెను. శవపరీక్ష వలదని క్రోబరు న్యూయార్కు నుండి వ్రాసిన ఉత్తరము ఆలస్యముగా చేరెను. శరీరమును ఒక విల్లు, అయిదు బాణములు, ఓక్ పిండి బుట్టతో దహనము చేసిరి. మెదడును మాత్రము వేరుగా ఉంచిరి. మరుసటి ఏడు దానిని వాషింగ్టనులోని స్మిత్సోనియను సంస్థకు పంపినది అదే క్రోబరు. 1999 లో అది వెలికివచ్చినది. 2000 లో రెడింగ్ రాంచెరీయా, పిట్ నది తెగలవారు మెదడును, చితాభస్మమును పొంది, తమవారికి తప్ప ఇతరులకు తెలియని చోట పాతిపెట్టిరి.

మ్యూజియమున సందర్శకుల కొరకు ఇషీ చెక్కిన ములికిలు అనేకము భద్రముగా ఉన్నవి. 1990 తరువాత పురావస్తు శాస్త్రజ్ఞుడు స్టీవెన్ షాక్లీ వానిని యాహీ గుహలలో త్రవ్వితీసిన ములికిలతో పోల్చెను. గుహలవి పొట్టివి, సన్నని తోకగలవి. ఇషీవి పొడవైనవి, ప్రక్కలను గండ్లు గలవి. పొరుగున నుండి యాహీలతో వైరము వహించిన వింటు, నోమ్లాకీ జాతుల పనితనమును పోలియున్నవి. చిన్ననాట అతని చేయి పట్టి రాయి చెక్కుట నేర్పినవాడు ఆ జాతులలో పుట్టినవాడై ఉండవచ్చునని షాక్లీ ఊహించెను.